శనగలతో పాటు ఒక మాట

ఇంగ్లీషు మాటలంటే నాకు ఇష్టం. ఇంగ్లీషు భాష సంగతి వేరు. అది ఉద్యోగానికీ, కోర్టుకీ, ఆసుపత్రికీ పనికొచ్చే భాష, దాని గౌరవం దానికుంది. నేను చెబుతున్నది మాటల గురించి. ఏ పనికీ రానివి, ఎక్కడా వాడుకోవడానికి వీల్లేనివి, నోట్లో వేసుకుంటే పటికబెల్లం ముక్కలా అటూ ఇటూ తిరిగేవి, అలాంటి మాటల గురించి. ఈ ఇష్టానికి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోదలచుకోలేదు. అయినా అడిగేవాళ్లు తగులుతూనే ఉంటారు. పోయిన నెల రాజమండ్రిలో ఒక సభలో కథ చదివాను. చదవడం అయ్యాక ఒక పెద్దమనిషి మైకు అడిగి తీసుకుని మరీ, "మీరు ఇంత చక్కటి తెలుగు రాస్తారు కదండి, మధ్యలో ఆ పరాయి మాటల మీద మోజేంటండి" అన్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా అక్క కొడుకు నవ్వాడు. రోజంతా ఆఫీసులో ఇంగ్లీషే మాట్లాడే కుర్రాడు వాడు. "నువ్వు రాసే ఆ మాటలు ఇప్పుడు ఇంగ్లీషువాళ్లే వాడరు పిన్నీ" అన్నాడు. ఒకాయనకి నా మాటలు మరీ ఇంగ్లీషు, ఇంకొకడికి చాలినంత ఇంగ్లీషు కాదు. ఇద్దరి మీదా ఒకేలా ఒళ్లు మండింది.

ఆ మంట చల్లారకముందే నరసాపురం వైపు నుంచి బావ ఫోన్ చేశాడు. మా మేనత్త సత్యవతి కొడుకు. అత్త పోయి రెండేళ్లవుతోంది. "పెంకులు దింపించి స్లాబు వేయిస్తున్నాను, అమ్మ పెట్టె తీశాం, నీకేమైనా కావాలంటే వచ్చి చూసుకో" అన్నాడు. మర్నాడే వెళ్లాను. పెట్టెలో నాలుగు పట్టుచీరలు, వేపాకు పొడి, సగం అల్లి వదిలేసిన లేసు ముక్కలు, అడుగున ఒక పుస్తకం. అట్ట లేదు, చీర అంచు గుడ్డతో కుట్టిన తొడుగు ఉంది. అదొక్కటే తెచ్చుకున్నాను. బస్సులో వస్తున్నంతసేపూ ఒళ్లో పెట్టుకున్నాను, తెరవలేదు. తెరిస్తే అందరి ముందూ ఏడుస్తానని తెలుసు.

మా నాన్న సామర్లకోటలో పంచదార ఫ్యాక్టరీలో పనిచేసేవారు. నేను పదో తరగతి పాసైన ఏడాది అత్త వచ్చి, "పిల్లని నాకు తోడుగా పంపించన్నయ్యా, నరసాపురంలో ఇంటర్ చదివిస్తాను" అని అడిగింది. బావ హాస్టల్లో ఉండేవాడు. మామయ్య కొత్తగా రొయ్యల చెరువులు మొదలుపెట్టి చెరువు గట్టు మీద పాకలోనే ఉండేవాడు, వారానికి రెండుసార్లు బట్టల కోసం ఇంటికొచ్చేవాడు. ఆయన చొక్కాలకి రొయ్యల మేత వాసన పట్టుకుని ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. అత్త వాటిని దొడ్లో వేరే తీగ మీద ఆరేసేది. ఇంట్లో మిగిలింది అత్త, అత్త వాళ్ల అత్తగారు, నేను. ఆ ముసలావిడని నేను మామ్మ అనేదాన్ని. మామ్మకి అక్షరం ముక్క రాదు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చిన తీరు బాగోలేదని ఎవరో ఒకరిని అనాలి, మధ్యాహ్నం అన్నంలో రెండోసారి చారు పోసుకోవాలి, సాయంత్రం రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు నిన్నటికంటే బాగుందో లేదో చెప్పాలి. ఆవిడకి లోకం అంతా చెవుల్లోంచే లోపలికి వెళ్లేది.

మధ్యాహ్నం మూడింటికి మా అరుగు నిండిపోయేది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లంతా లేసు అల్లేవారు. చిన్న కొక్కెం ఉన్న సూది, తెల్లటి దారం ఉండ, అంతే సామాను. ఒకళ్లు పువ్వులు అల్లితే, ఒకళ్లు అంచులు అల్లితే, ఇంకెవరో ఎక్కడో అన్నీ అతికి బల్లగుడ్డలు చేసేవారు. అవి ఓడలెక్కి వెళ్లిపోయేవి. మా అరుగు మీద ఎనిమిది మంది కూర్చునేవారు. తెల్ల దారం కదా, చేపల వాసన గానీ పసుపు మరక గానీ పడితే ముక్క వెనక్కి వచ్చేసేది. అందుకని భోజనాలయ్యాక అందరూ చేతులు శనగపిండితో రుద్దుకుని వచ్చేవారు. ఇప్పటికీ శనగపిండి తడిపితే నాకు పకోడీలు గుర్తుకు రావు, ఆ ఎనిమిది జతల చేతులు గుర్తొస్తాయి. దారం ఇచ్చేది కనకమహాలక్ష్మిగారు. ఆవిడ భర్త లేసు ఏజెంటు. పేరుకి ఆయన, పని అంతా ఆవిడది. ప్రతి సోమవారం ఆవిడ పంపితే రిక్షాలో దారం వచ్చేది, అల్లిన ముక్కలు అదే రిక్షాలో వెళ్లేవి. ఆవిడ ఏ అరుగుకి దారం పంపితే ఆ అరుగు మీద ఆ వారం పని ఉన్నట్టు.

అత్త పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైంది. ఆ వేసవిలోనే పెళ్లి చేసేశారు. దాని గురించి ఆమె ఎప్పుడూ బాధపడుతూ చెప్పలేదు. "చదివించుంటే కలెక్టరు అయ్యుండేదాన్ని" అనే మాట ఆమె నోట రాలేదు. ఆ పుస్తకం ఇంటికొచ్చిన కథ మాత్రం పదిమందికీ గర్వంగా చెప్పేది. పాత పేపర్లకీ పాత ఇనుముకీ ఉల్లిపాయలు తూచి ఇచ్చే బండి ఒకటి వీధిలోకి వచ్చేది. ఒకరోజు అత్త పాత పేపర్లు ఇచ్చి రెండు కిలోల ఉల్లిపాయలు తీసుకుంది. తీసుకుంటుంటే బండిలో చిరిగిన ఇంగ్లీషు తెలుగు నిఘంటువు కనబడింది. ఉల్లిపాయలు బండిలో తిరగబోసి పుస్తకం తీసుకుంది. బండివాడు నవ్వితే, "నీకు నవ్వులాట, నాకు కాదు" అందట. ఆ పూట కూరలో ఉల్లిపాయ లేదని మామ్మ రాత్రిదాకా సణిగింది. పుస్తకంలో మొదటి పేజీలు పోయాయి. ఇంగ్లీషు 'ఎ' అక్షరం మొత్తం పోయింది. మా ఇంగ్లీషు బి తో మొదలైంది.

ఆ నిఘంటువులో అర్థాలు అసలు మాటల కంటే కష్టంగా ఉండేవి. ఎవరో మహా పండితుడు రాసినట్టున్నాడు, ఒక్క అర్థమూ తిన్నగా చెప్పడు. అత్త ముందు ఇంగ్లీషు మాట చదివేది, తర్వాత ఆ గ్రాంథికం చదివేది, ఆ తర్వాత దానికి అర్థం మన మాటల్లో చెప్పేది. రోజుకి ఒక్కటే. రెండోది అడిగితే ఇచ్చేది కాదు. "ఇవాళ దీంతో అల్లండి" అనేది. గాసమర్ అనే మాట వచ్చిన రోజు అందరూ సూదులు ఆపేశారు. సాలెగూటి దారం అంత పల్చటిది అని అర్థం. "మనం అల్లేదానికి వాళ్ల దగ్గర మాటుందన్నమాట" అంది రత్నం. రత్నం పక్కింటావిడ, అత్తని వదినా అని పిలిచేది, అరుగు మీద అందరికంటే గొంతు పెద్దది. హిగిల్డీ పిగిల్డీ అంటే చిందరవందర అని తెలిశాక రత్నం వారం రోజులు తన ఇల్లు, తన జుట్టు, తన మొగుడి లెక్కలు అన్నీ హిగిల్డీ పిగిల్డీ అనే చెప్పింది. లాకడైజికల్ అంటే ఏదీ పట్టనట్టు నీరసంగా తిరిగే మనిషి, ఆ మాటని అత్త మామయ్యకి అంటగట్టింది. ఆయన బట్టల కోసం వచ్చినప్పుడు అరుగు మీద వాళ్లంతా తలలు వంచుకుని నవ్వుతుంటే, పాపం ఆయన తన పంచె సరిగ్గా ఉందో లేదో చూసుకునేవాడు.

పలకడం ఎలాగో మాకు ఎవరు చెబుతారు? పుస్తకంలో ఏవో గుర్తులు ఉండేవి, అవి ఎవరికీ అర్థం కాలేదు. నాలుగు రకాలుగా పలికి, ఏది బాగుందో మామ్మని అడిగేవారు. మామ్మ కళ్లు మూసుకుని వినేది. "మొదటిది గొంతుకి అడ్డం పడుతోంది, రెండోది ఉంచండి" అనేది. అదే ఖాయం. పిట్టర్ ప్యాటర్ అంటే పెంకుల మీద చినుకులు పడే చప్పుడు అని చెప్పినప్పుడు మామ్మ ఒప్పుకోలేదు. "ఇది మనదే. వాళ్లు ఇక్కడున్నప్పుడు ఎత్తుకుపోయారు" అంది. కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అత్తకి అన్నిటికంటే ఇష్టమైన మాట డిసెంబోగ్. నది వెళ్లి సముద్రంలో పడడం. అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఆమె అది చూసింది. "అంత పెద్ద గోదారి వెళ్లి కలిసిపోతుంటే, దానికి వాళ్లు ఒక్క మాట పెట్టుకున్నారు చూడవే చిట్టీ" అనేది నాతో. కాలేజీలో నేను చదివే ఇంగ్లీషు పాఠాలలో ఇంత ఆనందం నాకు ఎక్కడా దొరకలేదు. అక్కడ మాట అంటే మార్కులు. ఇక్కడ మాట అంటే మాటే.

వాయనంలో చీటీ పెట్టే ఆలోచన అత్తదే. శ్రావణ శుక్రవారాల్లో పేరంటం పిలిచి, బొట్టు పెట్టి, కాళ్లకి పసుపు రాసి, నానబెట్టిన శనగలు, తమలపాకులు, అరటిపండు, రవికె గుడ్డ వాయనంగా ఇస్తారు కదా. అత్త మా అరుగు ఆడవాళ్లకి ఇచ్చే పొట్లాల్లో ఆకుల మధ్య ఒక్కొక్క ఇంగ్లీషు మాట రాసిన చీటీ కూడా పెట్టడం మొదలుపెట్టింది. ఎవరి చీటీ వాళ్లదే, ఏడాదికొక మాట, ముందుగా అడిగి పెట్టించుకున్నది. వెనక తెలుగులో ఎలా పలకాలో రాసి ఉంటుంది. ఎవరో, "దేవుడి దగ్గర ఇంగ్లీషేంటి సత్యవతీ" అంటే, "అమ్మవారికి రాని భాష ఉంటుందా" అంది. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని చీటీలు నా చేత రాయించేది.

ఆ ఏడాది రత్నం, "నాకు గట్టిగా మోగేది కావాలి వదినా, గుళ్లో గంట కొట్టినట్టుండాలి" అని అడిగింది. అత్త రెండు రోజులు వెతికి క్యాంటాంకరస్ అనే మాట తీసింది. రత్నం ఒకసారి పలికి చూసుకుని మురిసిపోయింది. అర్థం తర్వాత చదివారు. కలహశీలమైన, దుష్టస్వభావము గల, అని ఉంది. పోట్లాటకోరు అన్నమాట. "ఉండనీ, మోత బాగుంది" అంది రత్నం. నేను చీటీలు రాసి, ఆకుల్లో పెట్టి, పొట్లాలన్నీ వాళ్లు కూర్చునే వరసలోనే పళ్లెంలో పేర్చాను. రత్నం ఎప్పుడూ గుమ్మం పక్కన మొదట కూర్చుంటుంది, అందుకని ఆమెది మొదటిది.

ఆ శుక్రవారం కనకమహాలక్ష్మిగారు తనంతట తానే పేరంటానికి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు, తాంబూలం ఇంటికి పంపేవాళ్లం. పట్టుచీర, చేతినిండా గాజులు, అలా లోపలికి వస్తుంటే రత్నం లేచి తన చోటు ఇచ్చింది. అందరూ ఒక్కొక్కరే పక్కకి జరిగారు. అత్త గబగబా వంటింట్లోకి వెళ్లి చీటీ లేని పొట్లం ఒకటి అదనంగా కట్టి తెచ్చి నా పళ్లెం చివర పెట్టింది. "ఇది ఆవిడకి" అని నా చెవిలో చెప్పింది కూడా. నాకు ఆ హడావిడిలో బుర్ర పనిచేయలేదు. వరసలో మొదటి పొట్లం మొదటి మనిషి కోసం అత్త చేతికి అందించేశాను. ఇస్తినమ్మ వాయనం అని అత్త అంటే, పుచ్చుకుంటినమ్మ వాయనం అని కనకమహాలక్ష్మిగారు పైటకొంగు పట్టి అన్నారు. మూడుసార్లు. అలా అందరి చీటీలూ ఒక్కో మనిషి పక్కకి జరిగిపోయాయి. తక్కినవాళ్లు మర్నాడు నవ్వుకుని మార్చుకున్నారు. ఒక్క చీటీ మాత్రం ఊరవతల పెద్ద డాబాలోకి వెళ్లిపోయింది.

కనకమహాలక్ష్మిగారి కోడలు భీమవరంలో కాన్వెంటులో చదివిన పిల్ల. అర్థం ఆ పిల్లే చెప్పిందట. ఆదివారం పొద్దున్న కబురొచ్చింది, రేపు మీ అరుగుకి దారం రాదు అని. అది వినగానే రత్నం మొహం పాలిపోవడం నేను చూశాను. ఆ సంవత్సరం చెరువులకి తెల్లమచ్చ రోగం వచ్చి రత్నం మొగుడు వేసిన రొయ్యలన్నీ పోయాయి. వాళ్లింట్లో పొయ్యి మీద గిన్నె ఉందంటే ఆమె సూది వల్లే. అత్త చీర మార్చుకుంది. రత్నాన్నీ నన్నూ వెంటబెట్టుకుని ఆ డాబాకి వెళ్లింది.

కనకమహాలక్ష్మిగారు హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. చీటీ ఎదురుగా స్టూలు మీద, గాలికి ఎగరకుండా మంచినీళ్ల గ్లాసు కింద. మమ్మల్ని కూర్చోమనలేదు. "పేరంటానికి వస్తే కాళ్లకి పసుపు రాసి, పోట్లాటకోరుదానా అని చీటీ రాసి చేతిలో పెట్టారు. ఇదెక్కడి మర్యాద సత్యవతీ" అన్నారు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది, అది ఇప్పుడు తెలుస్తోంది నాకు. అప్పుడు భయమే తెలిసింది.

"తప్పేనండి. అది మీ చేతికి రావాల్సింది కాదు, వరస తప్పింది. మిమ్మల్ని నొప్పించాం, క్షమించండి" అంది అత్త.

"మరెవరికి రాశారు?"

"నాకేనండి. గట్టిగా మోగే మాట కావాలని నేనే అడిగానండి" అంది రత్నం.

"తిట్టు కావాలని అడిగావా?"

"అర్థం తరవాత చూశామండి. ముందు మోత నచ్చేసిందండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకి తిప్పుకుంది. కనకమహాలక్ష్మిగారు కాస్త మెత్తబడ్డారు. "సరే, తెలియక జరిగిందంటున్నావు, నమ్ముతాను. ఆ చీటీ వెనక్కి తీసుకో. ఆ పుస్తకం తెచ్చి మా కోడలికి ఇచ్చెయ్యి, పిల్లల చదువుకైనా పనికొస్తుంది. రేపు దారం పంపించేస్తాను" అన్నారు. రత్నం ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. అత్త చెయ్యి చాపి గ్లాసు పక్కకి జరిపి చీటీ తీసుకుంటుందనే అనుకున్నాను.

"చీటీ తీసుకోనండి" అంది అత్త. "ఇచ్చిన వాయనం వెనక్కి తీసుకోకూడదు. మీరు మూడుసార్లు పుచ్చుకున్నానన్నారు."

"పుస్తకం?"

"ఇవ్వనండి."

"లేసు అల్లుకునే ఆడాళ్లకి ఆ మాటలెందుకే? ఎవరితో మాట్లాడతారు?"

"ఎవరితోనూ మాట్లాడమండి. బాగుంటాయని."

"బాగుంటే అన్నం పెడతాయా?"

"మీ వాకిట్లో ముగ్గు అన్నం పెడుతుందా అండి? పొద్దున్నే గంటసేపు నడుం వంచి వేస్తున్నారు కదా."

ఆవిడ లేచి నిలబడ్డారు. "నాకు మీ ఇంగ్లీషూ వద్దు, మీ పేరంటమూ వద్దు. దారం కావాల్సినవాళ్లు రేపటినుంచి మా అరుగు మీదకొచ్చి అల్లుకోండి. మా అరుగు మీద పుస్తకాలు ఉండవు" అని లోపలికి వెళ్లిపోయారు. అంతసేపూ నేను నోరు విప్పలేదు. పొట్లం అందించింది నేనండి అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. దారిలో ఏడుస్తూ అత్తతో చెప్పాను. "నాకు తెలుసులే. నువ్వు చెబితే నిన్ను నాలుగు తిట్టి, ఆ తర్వాత పుస్తకమే అడిగేది. తప్పు ఎవరిదన్నది కాదే అక్కడ గొడవ" అంది అత్త. రత్నంతో, "నువ్వెళ్లి ఆవిడ అరుగు మీద కూర్చో. నేనేమీ అనుకోను. పిల్లల్ని చూసుకో" అంది. రత్నం చెంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది.

వారం తిరిగేసరికి మా అరుగు ఖాళీ అయిపోయింది. ఎవరినీ తప్పుపట్టలేం. అత్త దగ్గర అల్లడానికి దారం లేదు. టీవీ మీద కప్పిన లేసు గుడ్డ ఒకటుండేది, పెళ్లైన కొత్తలో తన కోసం అల్లుకున్నది. అత్త దాన్ని తీసి, ఒక్కొక్క ముడే విప్పుకుంటూ దారం ఉండ చుట్టింది. ఆ దారంతోనే మూడింటికి అరుగు మీద కూర్చుని మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. అల్లడం అయిపోయాక మళ్లీ విప్పేది. శనగపిండితో చేతులు రుద్దుకోవడం మానలేదు. పుస్తకం తెరిచి రోజుకొక మాట చదవడం మానలేదు. పైగా గొంతు పెంచింది. వీధి చివరిదాకా వినబడేలా చదివేది. మామ్మ ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకుని, "రెండోసారి అన్నది బాగుంది" అనేది. సాయంత్రం ఆ డాబా నుంచి ఇంటికి పోతూ రత్నం మా గుమ్మం ముందు ఆగి, "ఇవాళేం మాట వదినా" అని అడిగి, నిలబడే విని వెళ్లేది. తక్కినవాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు ఆగడం మొదలుపెట్టారు. రెండు నెలలకి అత్త బస్సెక్కి నరసాపురం వెళ్లింది, వేరే చోట అడిగి తనే సంచీలో దారం మోసుకుని తెచ్చుకుంది. ఎండలో అంత బరువు మోసి భుజం వాచిపోతే కాపడం పెట్టుకుంటూ కూడా మాట చదివింది.

ఇప్పుడు నేనుండే వీధిలోనే మూడు ఇంగ్లీషు మీడియం స్కూళ్లున్నాయి. పొద్దున్నే పిల్లలు టైలు కట్టుకుని వెళుతుంటారు. వాళ్లలో ఒకమ్మాయిని మొన్న ఆపి, నీకు ఇష్టమైన ఇంగ్లీషు మాట ఏదమ్మా అని అడిగాను. ఆ పిల్ల బెదిరిపోయి, "మాకు ఇంకా చెప్పలేదండి" అంది. ఇష్టం కూడా ఎవరో చెప్పాలి. మాట తప్పు పలికితే పక్కవాడు నవ్వుతాడేమోనని భయం, సరిగ్గా పలికితే మార్కులెన్నని ఆత్రం. ఫోనులో నొక్కితే అర్థం, పలుకు, బొమ్మ అన్నీ వచ్చేస్తాయి, బాగుంది అని పక్కమనిషిని పిలిచి వినిపించేవాళ్లు మాత్రం కనబడరు. మేం తప్పు పలికాం. ఎనిమిది మంది ఆడవాళ్లం, సూదులు పట్టుకుని, వీధి అరుగు మీద కూర్చుని, తలెత్తుకుని తప్పు పలికాం. ఇక పరాయి మాటలంటారా, అత్త ఆ పుస్తకం కోసం ఒక్క తెలుగు మాట కూడా వదులుకోలేదు. అన్నాన్ని అన్నమే అంది, గోదారిని గోదారే అంది. ఆ మాటలు మా ఇంటికి చుట్టాలుగా వచ్చాయి, మా మాటలు లేచి వాటికి చోటిచ్చాయి. ఇంటికి చుట్టం వస్తే ఇల్లు పాడవుతుందనుకునేవాళ్లతో నాకు మాటల్లేవు. రాకపోకలు లాభం కోసమే అనుకునేవాళ్లతో అసలే లేవు.

మళ్లీ శ్రావణం వచ్చింది. అత్త మొదటి బొట్టు కనకమహాలక్ష్మిగారి ఇంట్లోనే పెట్టి పిలిచి వచ్చింది. "ఎందుకే, రాదు" అంది మామ్మ. "రాకపోతే ఆవిడ ఇష్టం. పిలవకపోతే నా తప్పు" అంది అత్త. బొట్టు పెట్టి పిలిచిన పేరంటానికి వెళ్లకుండా ఉండడం ఆ రోజుల్లో అంత తేలిక కాదు. ఆవిడ వచ్చారు. పోయినేడాది లాగే మొదట కూర్చున్నారు. ఈసారి పొట్లాలు అత్త నా చేత అందించలేదు, తనే చూసి చూసి తీసుకుంది. కాళ్లకి పసుపు రాసి, బొట్టు పెట్టి, గంధం పూసి, మూడుసార్లు ఇస్తినమ్మ అంది. ఆవిడ మూడుసార్లు పుచ్చుకున్నారు.

వాయనం అక్కడ ఎవరూ విప్పి చూసుకోరు, ఇంటికి తీసుకెళ్తారు. ఆవిడ మాత్రం అందరి ముందూ పొట్లం ఒళ్లో పెట్టుకుని విప్పారు. శనగలు పక్కకి జరిపారు. తమలపాకులు ఒక్కొక్కటే తిరగేసి చూశారు. అరటిపండు తీసి కింద చూశారు. తర్వాత తలెత్తి రత్నం చేతిలో పొట్లం వైపు చూశారు. అందులోంచి చీటీ కొస బయటికి కనబడుతోంది.

"నాకేదీ?" అన్నారు.

అత్త గంధం గిన్నె కింద పెట్టింది. "మీరు వద్దన్నారు కదండి."

"తిట్టు వద్దన్నాను. మాట వద్దన్నానా?"

మామ్మ, "ఇచ్చెయ్యవే, అడిగింది కదా" అంది. అత్త లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. "మీరే తెరిచి వేలు పెట్టండి" అంది. కనకమహాలక్ష్మిగారికి ఇంగ్లీషు అక్షరాలు రావు. పుస్తకం మధ్యలో తెరిచి, కళ్లజోడు సవరించుకుని, చాలాసేపు ఆలోచించినట్టు ఆగి, ఒకచోట వేలు పెట్టారు. అత్త వంగి చూసింది. పంప్‌కిన్ అని ఉంది. "గుమ్మడికాయ అండి. మామూలు మాట. ఇంకోటి తీసుకోండి" అంది అత్త నొచ్చుకుంటూ. ఆవిడ వేలు తీయలేదు. పంప్‌కిన్, పంప్‌కిన్ అని రెండుసార్లు నెమ్మదిగా అనుకున్నారు. "నా వేలు దీని మీదే పడింది. ఇదే రాసివ్వు" అన్నారు. నేను కాగితం ముక్క చింపి, ముందు ఇంగ్లీషులో, వెనక తెలుగులో రాసిచ్చాను.

దారం మాత్రం ఆవిడ మళ్లీ మా అరుగుకి పంపలేదు. అత్త అడగనూ లేదు. ఇద్దరూ ఆ పట్టు చివరిదాకా వదల్లేదు. అత్త నరసాపురం బస్సుకి సంచీ పట్టుకుని వెళుతూనే ఉంది. శ్రావణం వస్తే మాత్రం కనకమహాలక్ష్మిగారు అందరికంటే ముందొచ్చి కూర్చుని, కాళ్లకి పసుపు రాయకముందే పుస్తకం తెమ్మనేవారు.